ఎడమచేతి అతుకు

పొద్దున తొమ్మిది నలభైకి పావని గద్వాలలో జానకమ్మ ఇంటి గడప తొక్కేసరికే పోయిన బొమ్మ దొరికిపోయింది. దాన్ని పట్టుకున్న సుదర్శన్ మగ్గం పక్కన కుర్చీ వేసుకుని, కాలు మీద కాలేసుకుని టీ తాగుతున్నాడు. ఆ టీ ఇచ్చింది ఈ ఇంటి కోడలు హన్మమ్మే. దొంగతనం అంటగట్టడానికి వచ్చినవాడికైనా టీ పోయకుండా ఉండలేని ఇల్లు అది.

"రండి మేడమ్. నాగర్‌కర్నూలు బస్సు లేటయినట్టుంది," అన్నాడు సుదర్శన్.

"బస్సు టైముకే వచ్చింది సార్. మా అత్తకు నాష్టా పెట్టి, గోలీలు మింగిచ్చి బయటపడేసరికి నేనే లేటయిన."

"అందుకే ఈ పని ఆడోళ్లకు కష్టం అంటా."

పావని చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. పద్దెనిమిదేళ్లు ఇన్సూరెన్సు కంపెనీకి కాలిపోయిన దుకాణాలూ చచ్చిపోయిన బర్రెలూ తనిఖీ చేసిన మనిషి ఆమె. కంపెనీ వదిలేసి సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టి నాలుగేళ్లయింది. సుదర్శన్ రిటైరైన డీఎస్పీ. హైదరాబాదులో ఆయనకు ఆఫీసుంది, ఆరుగురు మనుషులున్నారు. ఆయనను పెట్టుకున్నవాడు వనపర్తి విజయ్. పావనిని పిలిచింది ఎనభై నాలుగేళ్ల జానకమ్మ.

తగాదా పన్నెండు బొమ్మల మీద. విజయ్ ఇంటి ముందుగదిలో ఎన్నో ఏళ్లుగా గోడకున్న బొమ్మలవి. కళ్లూ ముక్కూ లేని ఆడవాళ్లు, గళ్లుగళ్లుగా విరిగిన ఒళ్లు, బిందెలు, రోకళ్లు, నీళ్ల పొయ్యిలు. ఎనభై ఏళ్ల కింద ఈ ప్రాంతంలో అట్లాంటి బొమ్మలు వేసినవాళ్లు లేరని పెద్దపెద్దవాళ్లు ఇప్పుడు ఆశ్చర్యపోతున్నారు. అవి తన తాత, డ్రాయింగ్ మాస్టరు దశరథం వేసినవని విజయ్ చెప్పాడు. రేపు పదకొండు గంటలకు హైదరాబాదులో ఒక గ్యాలరీ ఆ మాట లోకానికి చాటబోతోంది.

కాదు, అవన్నీ మాయమ్మ రంగమ్మ వేసినవి, ఆమె పోయినంక మాస్టరు అడిగి తీసుకపోయిండు అని జానకమ్మ ఒక్కతే అంటోంది. ముసలిదాని చాదస్తం అన్నారు అందరూ. బొమ్మలేయడం చదువుకుంటున్న మనుమరాలు కావ్య మాత్రం నమ్మింది. ఎనిమిది రోజుల కింద వనపర్తి పోయి, బొమ్మలు చూసి, ఒకదాని వెనకవైపు చూపించమని అడిగింది. ఆ రాత్రే ఆ బొమ్మ మాయమైందని విజయ్ ఫిర్యాదు చేశాడు. ఈ పొద్దున ఎనిమిదింటికి కావ్యను వనపర్తిలో విచారణకు పిలిచి కూర్చోబెట్టారు. సాయంత్రం అయిదుకల్లా కేసు రాస్తారు. రాశాక ఆ పిల్ల దొంగ, ముత్తవ్వ బొమ్మలు మాస్టారివి. రెండూ ఒక్క కలంపోటుతో ఖాయమవుతాయి.

"ఎక్కడ దొరికింది సార్?"

"మగ్గం గుంటల. తొక్కుడు చెక్కల కింద, ప్లాస్టిక్ సంచిల చుట్టి ఉండె. నేనొచ్చింది ఏడున్నరకు, తీసింది ఏడు నలభైకి. వీడియో ఉంది."

పావని చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, నేసేవాళ్లు కూర్చున్నట్టే గుంట అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించింది. నేస్తున్నంతసేపూ పోగుల నుండి రాలే నూలు నుసి గుంటలో మెత్తగా, బూరుగుదూదిలా పరుచుకుని ఉంది. వంగి చెక్కల కింద చేయి పెట్టింది. చుట్ట పెట్టిన చోట నుసి అణిగిపోయి చాపలా ఉంది. తర్వాత ప్లాస్టిక్ సంచి అడిగి తీసుకుని, దాని మీద వేలితో గీసింది. వేలికి ఏమీ అంటలేదు.

"హన్మమ్మా, ఈ రోజు మగ్గం ఎక్కినవా?"

"యాడ ఎక్కనిచ్చిండ్రక్కా. పొద్దుగాల్నే సార్లొచ్చిరి."

"కింద నుసి ఉంది, పైన నుసి లేదు," అంది పావని లేస్తూ. "ఈ సంచి వచ్చినంక మగ్గం ఆడలేదు సార్."

"నుసి సంగతి నాకెందుకు? కండ్లార చూసిన సాక్షి ఉన్నడు. నిన్న పొద్దున పెట్టిండ్రు. కురుమూర్తీ, ఇటు రా."

విజయ్ కారు డ్రైవరు కురుమూర్తి వాకిట్లోంచి లోపలికి వచ్చాడు. నలభై దాటిన మనిషి. చొక్కా జేబులో రెండు పెన్నులు. పావని అతనికి పీట చూపించింది. కూర్చోలేదు.

"ఏ ఊరన్నా మీది?"

"పాన్‌గల్ మేడమ్. సేద్యం జేసేటోళ్లం. నేను బండి తోల్త."

"నిన్న గద్వాలకు ఏం పని మీద వచ్చినవ్?"

"మా ఇంటామెకు చీరె కొందామని. పొద్దున పదింటికి ఈ వీధిలకొచ్చిన. ఈ ఇంటి దర్వాజ తెరిసుండె. ఈయమ్మ మగ్గం నేస్తుండె. ఆ పిల్ల సంకల చుట్ట వెట్టుకోనొచ్చి, గుంటల దాసిపెట్టింది. ఈయమ్మ మళ్ల నేసుకుంటనే ఉండె."

"చూడంగనే అనుమానం రాలేదా?"

"అప్పుడు రాలే. రాత్రి అయ్యకు చెప్తే, అయ్య సుదర్శన్ సారుకు చెప్పిండు."

"వీధిల మగ్గాల సప్పుడు వినొచ్చిందా?"

"ఎందుకు వినరాదు? టకటక, టకటక. చెవులు పడేటట్టు."

"ఈ ఒక్క ఇంట్లనేనా?"

"అన్నిండ్లల్ల మేడమ్. గద్వాలంటె గంతే గదా." కురుమూర్తికి ధైర్యం వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"ఈయమ్మ నేసే చీరె రంగు గుర్తుందా?"

"లేకేం. మామిడాకు పచ్చ. అంచు కుంకుమ ఎరుపు."

మగ్గం మీదున్న చీర అదే రంగు. సుదర్శన్ పావని వైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు. హన్మమ్మ మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అది ఏడుపు అనుకున్నాడు సుదర్శన్. నవ్వు.

మూల మంచం మీద కూర్చున్న జానకమ్మ గొంతు సవరించుకుంది. "నాయినా కురుమూర్తీ, నిన్న ఏం దినం?"

"ఏం దినమేంది? అమాస."

"అమాసనాడు ఈ వీధిల నాడె ఇసిరి నేసేటోడు లేడు బిడ్డా. మా తాతల కాలం నుంచి లేడు. నేసేటోళ్లకు అదొక్కటే సెలవు. నువ్వేమో వీధి వీధంత నేపిస్తివి."

కురుమూర్తి పీట మీంచి లేచాడు.

"నిన్న మీరంతా ఎక్కడున్నరు హన్మమ్మా?" అంది పావని.

"జమ్ములమ్మ గుడికి వోయినం. ఎనిమిదింటికి పోతే ఒంటిగంటకొచ్చినం. ఎనక దర్వాజకు గొళ్లెమే. తాళం ఎయ్యం."

"సార్, ఇతను చెప్పిన దాంట్ల చీరె రంగు ఒక్కటే నిజం. వీధిల నుంచి చూస్తే మగ్గం అడ్డపలక తప్ప చీరె కనవడదు. మీరే పోయి చూసి రండి. రంగు తెలిసిందంటే ఈ గుంట దాక వచ్చిండు. ఎవరూ నేయనప్పుడు, ఎవరూ ఇంట్ల లేనప్పుడు వచ్చిండు."

సుదర్శన్ నిజంగానే లేచి వీధిలోకి పోయి, తలుపులోంచి తొంగిచూసి వచ్చాడు. వచ్చినప్పుడు మొహంలో నవ్వు లేదు. "కురుమూర్తీ, బండ్ల పోయి కూసో. తాళం నాకియ్యి," అన్నాడు.

అతను పోయాక పావని వైపు తిరిగాడు. "సాక్షి పోయిండు. ఒప్పుకుంట. కాని బొమ్మ బొమ్మనే. దొరికింది ఈ ఇంట్లనే."

"అదే బొమ్మనో కాదో చూద్దాం. పెద్దమ్మా, మీకు చూపు ఆనుతదా?"

"బొమ్మ ఆనదు. ఎనక తిప్పి ఇయ్యి," అంది జానకమ్మ.

గుడ్డను వెనక్కి తిప్పి ఒళ్లో పరిస్తే, ముసలామె బొటనవేలి గోరుతో ఈ చివర నుండి ఆ చివరకు మెల్లగా గీక్కుంటూ పోయింది. నాలుగుసార్లు గీకింది. తర్వాత మడిచి పక్కన పెట్టేసింది.

"ఇది మాయమ్మ బొమ్మ గాదు."

సుదర్శన్ నవ్వాడు. "గుడ్డ తడిమితే బొమ్మ ఎవరిదో తెలుస్తదా పెద్దమ్మా? నేనిన్ని రోజులు అనవసరంగ వేలిముద్రలు తీస్తి."

"నగితే నగు. ఇది చీరె నడుమ నుంచి కోసిన గుడ్డ. నున్నగ ఉంది. నేసే ఇంటి ఆడది బొమ్మ ఏసుకునేటందుకు మంచి చీరె కోస్తదా? మొగుడు బతకనిస్తడా? మాయమ్మ ఏసిందంత అతుకు గుడ్డల మీద."

ఆమె చెప్పింది హన్మమ్మ చేసి చూపించింది. ఒక పడుగు అయిపోతే, పాత పోగుల కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. బూడిద అద్దుకున్న వేళ్లతో రెండు కొసలూ కలిపి పురి పెట్టాలి. వేల పోగులు. అది ఎప్పుడూ ఆడవాళ్ల పనే. ఆ అతుకులు నేతలోకి వచ్చిన చోట గుడ్డలో ఈ అంచు నుండి ఆ అంచుకు గింజలు గింజలుగా ఒక వరస లేస్తుంది. అది చీరలో పనికిరాదు. కోసి పారేస్తారు.

"ఆ పారేసే ముక్కకే ఇంకో మూరెడు నేసియ్యమని మాయమ్మ మా నాయిన్ను బతిలాడేది. ఆయన తిట్టుకుంటనే నేసిచ్చేటోడు," అంది జానకమ్మ. "ఇంకొకటి. మాయమ్మది ఎడమచేతి వాటం. అందరి పురి ఇటు తిరిగితే మాయమ్మ పురి అటు తిరుగుతది. నేను పక్కన కూసోని బూడిద అందిచ్చేదాన్ని. నాకు తొమ్మిదేండ్లప్పుడు పాయె. ఆ పురి నా గోరుకు ఎరికే."

"మీ నాయిన ఎందుకు తిట్టేటోడు పెద్దమ్మా? గుడ్డ అడిగినందుకేనా?" అంది పావని.

"గుడ్డకు గాదు. బొమ్మ ఏసిన చేతులు సరిగ కడుక్కోకనే అతుకనీకి కూసునేది. నీ చేతి రంగంత పడుగుకు పూస్తున్నవ్ గదనే అని మొత్తుకునేటోడు."

పావని రాసుకుంటున్న పెన్ను ఆగింది. ఆ మాట కింద రెండు గీతలు గీసి, పుస్తకం మూసింది.

"సార్, మిగతా పదకొండు బొమ్మలు ఎన్నింటికి హైదరాబాదు పోతయి?"

"నాలుగింటికి వ్యాను."

"మీ కార్ల జాగ ఉందా? నాకు, పెద్దమ్మకు."

సుదర్శన్ ఖాళీ గ్లాసు కింద పెట్టాడు. "పందెం. పదకొండింటిల ఏ ఒక్కదానికి ఆ అతుకు లేకున్నా, మీరు విజయ్‌కు అందరి ముందట క్షమాపణ చెప్పాలె."

"ఉంటే?"

"ముప్పై రెండేండ్లు పోలీసు చేసిన. నా ముందర దొంగసాక్షి నిలబెట్టినోడెవడో నాకు కావాలె. ఉంటే, ఠాణాకు ఫోను నేనే చేస్త."

జూరాల కట్ట దాటి, ఆత్మకూరులో జానకమ్మ కోసం ఒకసారి ఆగి, వనపర్తిలో విజయ్ ఇల్లు చేరేసరికి రెండూ పది అయింది. బండి సుదర్శనే తోలాడు. కురుమూర్తి పక్క సీట్లో ఒదిగి కూర్చున్నాడు. హన్మమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె ఇస్తే తిన్నాడు.

పదకొండు బొమ్మలూ కొత్త చట్రాలతో, వెనక గోధుమరంగు కాగితం అంటించి, గోడ వారగా వరసగా పెట్టి ఉన్నాయి. విజయ్ నలభై ఏళ్ల మర్యాదస్తుడు. ముసలామెకు తనే కుర్చీ వేశాడు. పావని చేతిలో ఒక పుస్తకం పెట్టాడు. "తాతగారి గురించి రేపు విడుదల చేస్తున్నం. చదవండి. ఆయన బొమ్మల్లో ఆడవాళ్ల కాళ్ల కింద ఎప్పుడూ ఒక గీత ఉంటుంది. నేల గీత. దాని మీదనే ఆరు పేజీలు రాసిండ్రు."

పావని వంగి మొదటి బొమ్మ చూసింది. ఇద్దరు ఆడవాళ్లు రోకళ్లతో దంచుతున్నారు. ఎరుపు, నలుపు. వాళ్ల పాదాల కింద రంగు పొర సన్నగా ఉబ్బి, గింజలు గింజలుగా ఒక వరస. ఆమె పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

"మీ తాతగారి వేరే బొమ్మలేమన్నా ఉన్నాయా?"

"అన్నీ ఉన్నయి. ఆ గోడకు చూడండి. కొండలు, గుళ్లు, ఎడ్లబండ్లు."

"అన్నిటికి మూలన సంతకం ఉంది. తారీఖుతో సహా. ఆ చిన్న కోడిపెట్ట కింద గూడ ఉంది. ఈ పన్నెండింటికి ఒక్కదానికి లేదేంది?"

"ఇవి ఆధునికమైనవి. సంతకం వద్దనుకున్నరేమో."

"తనవి కావు గనుక వద్దనుకున్నరేమో. పెద్ద మనిషి. భద్రంగ ఉంచిండు, తనవని ఎన్నడూ చెప్పలేదు. చెప్పింది మీరు."

విజయ్ సుదర్శన్ వైపు తిరిగాడు. "సార్, ఈమెను లోపలికి ఎందుకు తెచ్చిండ్రు?"

"వెనక కాగితాలు చింపి చూడాలె విజయ్. కేసు నిలవాలంటే మన బొమ్మలు గట్టివని తేలాలె గదా," అన్నాడు సుదర్శన్. గొంతు మెత్తగానే ఉంది. కాని జేబులోంచి అప్పటికే చిన్న కత్తి తీశాడు.

మొదటి చట్రం తెరిచారు. జానకమ్మ గోరు గుడ్డ వెనక గీసుకుంటూ పోయి, పాదాల గీత దగ్గర ఆగింది. ముసలి మొహంలో ఏదో కదిలింది. "ఉంది," అంది. "అటుపక్క పురి." రెండోది తెరిచారు. "ఉంది." మూడోది, నాలుగోది. రేపు ఆరు పేజీల వ్యాసం అచ్చవబోతున్న నేల గీత, గద్వాల నేతగాళ్లు కోసి పారేసే అతుకుల వరస.

విజయ్ తేరుకున్నాడు. "అయితే ఏంది? తాత పనికిరాని గుడ్డలు వాళ్లింట్ల కొని ఉంటడు. అతికింది ఆమె కావచ్చు. బొమ్మ వేసింది తాత. గుడ్డ నేసినోడు చొక్కా కుట్టినోడు ఐతడా?"

సుదర్శన్ కత్తి ఆపి పావని వైపు చూశాడు. మాట న్యాయంగానే ఉంది.

"బాగడిగినవ్," అంది పావని. సంచిలోంచి సూది, భూతద్దం తీసింది. ఎరుపూ నలుపూ బొమ్మను వెనక్కి తిప్పి, ఒక అతుకు పురి సూదిమొనతో మెల్లగా విప్పింది. పైన బూడిద రంగు. విప్పిన పోగు లోపల, పురి మడతలో, ఆకుపచ్చ. ఇంకొకటి విప్పింది. ఆకుపచ్చే.

"మీరు చూడండి సార్. ఇది పైనుంచి కారిన రంగు గాదు. ఈ బొమ్మల ఎక్కడా పచ్చ లేదు. పురి పెట్టేటప్పుడే పోగుల పడ్డది. అంటే నేయకముందే, గుడ్డ గాకముందే, అతికే వేళ్లకు రంగుంది. ఇగ ఈ పచ్చ ఏ బొమ్మలుందో చూడండి."

చూడనక్కర్లేకపోయింది. మూడో చట్రంలో జొన్నచేను నిండా అదే పచ్చ. ఆ చేను బొమ్మ అతుకు విప్పితే లోపల నీలం. ఆ నీలం అయిదో బొమ్మలో బిందెల మీద ఉంది. బిందెల బొమ్మ అతుకులో పసుపు. పసుపు ఏడో బొమ్మలో. ఒక బొమ్మ రంగు కడగని వేళ్లు తర్వాతి బొమ్మ గుడ్డను అతుకుతూ పోయాయి. ముందేది వేసింది, వెనకేది వేసింది, ఏళ్ల తరబడి పని అంతా ఆ పోగుల్లోనే వరసగా రాసి ఉంది.

"చొక్కా కుట్టినోని చేతుల రంగు నేత లోపలికెట్ల వచ్చె విజయ్?" అంది పావని. "మీ తాత గద్వాలల కూసోని రోజూ పడుగు అతికిండా? ఎడమచేత్తో?"

విజయ్ తాత బొమ్మలున్న గోడ వైపు తిరిగాడు. కోడిపెట్ట కింద సంతకం స్పష్టంగా కుడివైపుకు వాలి ఉంది.

ఎనిమిది చట్రాలు తెరవడం అయింది. సుదర్శన్ తొమ్మిదో చట్రం ఎత్తబోయాడు.

"అది వద్దు సార్. గ్లాసు పగులుతది," అన్నాడు విజయ్. చాలా తొందరగా అన్నాడు.

సుదర్శన్ చట్రాన్ని చేతుల్లో పైకీ కిందికీ ఆడించాడు. పక్కదాన్ని ఎత్తి చూశాడు. మళ్లీ దీన్ని ఎత్తాడు. "ఇది బరువుంది," అన్నాడు. "కాగితం గూడ కొత్తది." పోలీసు చేతులు ఇంకేమీ అడగలేదు. కత్తి ఒక్క గీత గీసింది.

లోపల రెండు గుడ్డలున్నాయి. ముందుది నీళ్ల పొయ్యి బొమ్మ. దాని వెనక ఒదిగి ఉన్నది, ఎనిమిది రోజుల కింద ఈ ఇంట్లోంచి పోయిందని ఫిర్యాదు రాసిన బొమ్మ. మొహం లేని ఒక ఆడమనిషి పడుగు ముందర కూర్చుని ఉంది. ఎడమచెయ్యి ముందుకు చాపి పోగు పురి పెడుతోంది. ఆ చేతికి ఒక్కో వేలు ఒక్కో రంగు. పచ్చ, నీలం, పసుపు, ఎరుపు, నలుపు.

పావని దాన్ని వెనక్కి తిప్పింది. అంచున బొగ్గుతో, పెద్ద పెద్ద అక్షరాలతో రెండే మాటలు. ఆమె పైకి చదివింది. "రంగమ్మ. పద్దెనిమిది."

జానకమ్మ రెండు చేతులూ చాపింది. బొమ్మ ఒళ్లో పెడితే, ఈసారి గోరుతో గీకలేదు. అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది. "బూడిద అందిచ్చేది నేనే," అంది కాసేపటికి. "ఇంకొంచెం, ఇంకొంచెం అనేది."

"కావ్య వెనక చూపియ్యమన్నది దీన్నే కదా?" అంది పావని. "ఆ పిల్ల పోయినంక విప్పి చూసినవ్. పేరు కనవడ్డది. మాయం చేసి దొంగతనం ఆ పిల్ల మీదికి నెట్టినవ్. నకలు గీయించి కురుమూర్తితోని గుంటల పెట్టిచ్చినవ్. మరి దీన్ని కాల్చెయ్యక పోయినవేంది?"

విజయ్ కుర్చీ వెనక పట్టుకుని నిలబడ్డాడు. "అన్నిటికన్న మంచి బొమ్మ అది," అన్నాడు చివరికి. "బయట ఒకరికి అమ్ముతనని మాట ఇచ్చిన."

వాకిట్లోంచి కురుమూర్తి గొంతు వినిపించింది. "నేను చెప్త సార్. ఏది ఎప్పుడు ఏడ వెట్టమన్నడో అంత చెప్త. నాకు పిల్లలున్నరు."

గోడ గడియారం మూడూ ముప్పై అయిదు చూపిస్తోంది. సుదర్శన్ ఫోను తీసి ఠాణాకు కలిపాడు. "సుదర్శన్ మాట్లాడుతున్న. ఆ పిల్లను ఇంటికి పంపియ్యండి. కాదు, ఇంటికి వద్దు, ఇక్కడికి పంపియ్యండి. వాళ్ల జేజి ఇక్కడుంది. బొమ్మ ఓనరు ఇంట్లనే దొరికింది. మీరు గూడ రండి, పంచనామా రాయాలె." ఫోను పెట్టి పావని వైపు చూశాడు. "క్షమాపణ నేనే చెప్పేటట్టున్న."

"నాకెందుకు సార్. పెద్దమ్మకు చెప్పండి."

ఆయన చెప్పాడు. చేతులు జోడించి చెప్పాడు. జానకమ్మ ఆయన వైపు తల తిప్పి, "టీ తాగినవ్ గద బిడ్డా. అయిపాయె," అంది.

కావ్య వచ్చేసరికి నాలుగు దాటింది. వ్యాను వచ్చి గేటు బయటే నిలబడిపోయింది. ఆ పిల్ల నేరుగా వచ్చి బొమ్మ ముందు కింద కూర్చుంది. తన ఎడమచెయ్యి ఎత్తి, బొమ్మలో చేతి పక్కన పెట్టి చూసుకుంది. తర్వాత వెనక రాత చదివింది.

"పద్దెనిమిది అంటే ఏంది జేజీ? మీయమ్మ వయసా?"

"బొమ్మ లెక్క," అంది పావని. "ఇది పద్దెనిమిదోది. ఇక్కడ ఉన్నయి పన్నెండు."

సుదర్శన్ కత్తి మడవబోతూ ఆగాడు. "అంటే ఇంక ఆరు ఉన్నయి."

జానకమ్మ చీర కొంగుతో ముక్కు తుడుచుకుని, ఏదో పాత సంగతి గుర్తొచ్చినట్టు గొణిగింది.

"గోపాల్‌పేటల మా చిన్నమ్మ ఇంట్ల, తొక్కు జాడికి వాసెన గట్టిన గుడ్డ మీద ఒక ఆడమనిషి ఉంటుండె. మొఖం లేకుంటుండె. నాకు భయమై ఆ అర్రలకు పోకపోతుంటి. పోయిన ఏడు పెండ్లికి పోతే గూడ ఉండె, ఆ జాడి. గుడ్డ గూడ అదే."

సుదర్శన్ అప్పటికే కారు తాళం చేతిలోకి తీసుకున్నాడు. "ఎంత దూరం గోపాల్‌పేట?"

"ఇరవై నిమిషాలు," అంది పావని, జానకమ్మకు చేయి అందిస్తూ. "చేతులు కడిగి, తుడుచుకోని రండి సార్. తొక్కు జాడి. తడి చేత్తోని ముట్టనియ్యరు."